నింగి వీరనారుల పంచాయితీ

నల్లా వచ్చి పావుగంటయింది. మొదటి డ్రమ్ము నిండి, రెండోది సగానికి వచ్చింది. పైపు డ్రమ్ములో వదిలేసి, అఖిల పక్కనే గోడకు ఆనుకుని చేతిలోని రెండు కాయితాలు చూస్తూ, పెదవులు మాత్రం కదుపుతూ చదువుకుంటోంది. శంషాబాద్ పాత ఊళ్ళో వాళ్ళ గల్లీకి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ గంటసేపు అఖిలను ఇంకో పనికి ఎవరూ పిలవరు. అందుకే ఆ గంటను ఎంచుకుంది.

పదకొండింటికి ఎయిర్‌పోర్టు రోడ్డు మీది మాల్‌లో చిన్న సభ ఉంది. ‘నింగి వీరనారులు – 2’ చూసిన ఆడవాళ్ళు వచ్చి, ఒక్కొక్కరు మూడు నిమిషాలు తమ అభిప్రాయం చదవొచ్చని సినిమా హాలువాళ్ళు ప్రకటించారు. అఖిలది ఏడో పేరు. పేరు ఇచ్చింది ఆమె కాదు, ఆమెతోపాటు విమానాలకు భోజనం పంపే వంటశాలలో పళ్ళేలు సర్దే కీర్తన. కీర్తన వాళ్ళది కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పళ్ళేల్లో చెంచాలు పెడుతూ పెడుతూ అఖిల ఆ సినిమా గురించి చెప్పిన మాటలు విని, “ఇవన్నీ నాకొక్కదానికే చెబితే ఎలాగే? రాయి. నేను పేరు ఇచ్చేశాను” అంది.

అఖిల నాలుగు రోజులు కూర్చుని రాసింది. మొదటి సినిమా అంటే ఆమెకు ప్రాణం. ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ మూడు శక్తులు, ముగ్గురూ కలిస్తే లోకంలో వాళ్ళకు అడ్డు లేదు. ఇక రెండోది వచ్చేసరికి ఆ ముగ్గురినీ దర్శకుడు పాడుచేశాడని ఆమె బాధ. రెండుసార్లు చూసి, రెండుసార్లూ బాధపడి వచ్చింది.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అసలు ఆ ఇంట్లో అఖిల అభిప్రాయం ఎవరూ అడగరు, కూరలో ఉప్పు గురించి కూడా. ఆమె తండ్రి దశరథం ఊళ్ళో పెద్దమనిషి. అన్నదమ్ముల తగువులు, అత్తాకోడళ్ళ అలకలు, గోడల గొడవలు, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఊరందరి మాటా చెవిన వేసుకుంటాడు. కూతురి మాటకు మాత్రం ఇరవై మూడేళ్ళుగా వాయిదా పడుతూనే ఉంది. కాబట్టి ఆ మూడు నిమిషాలు అఖిలకు కావాలి. ఎవరైనా కూర్చుని, తను చెప్పేది చివరిదాకా వినాలి. అంతే ఆమె కోరిక.

ఉన్నట్టుండి నీళ్ళ జోరు పెరిగింది. పైపు పాములా లేచి డ్రమ్ములోంచి బయటపడి, గోడనూ అఖిలనూ మొదటి కాయితాన్నీ తడిపేసింది. అఖిల గబగబా పైపు పట్టుకుని లోపల పెట్టి, తడిసిన మొదటి కాయితాన్ని దండెం మీద క్లిప్పు పెట్టి ఆరవేసింది. తడవని రెండోది ఎగిరిపోకుండా అరుగు మీద తండ్రి కుర్చీ పక్కనున్న స్టూలు మీద, రాగి చెంబు కింద పెట్టింది. పెట్టి, నిండిన బిందె తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ చెంబు కింద ఎలాంటి కాయితం పెడతారో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నోరు విప్పి చెప్పుకోలేనివాళ్ళు తమ బాధ రాసి, పేరు రాయకుండా, తెల్లారేసరికి దశరథం చెంబు కింద పెట్టి పోతారు. ఆయన ఆ కాయితం చదివి, అది ఎవరి ఇంటి గొడవో ఆనవాలు పట్టి, పంచాయితీ పిలుస్తాడు. కాయితం ఎవరు పెట్టారని అడగడు, అడగనివ్వడు. ముప్పై ఏళ్ళ పెద్దరికంలో ఆయన ఒక్క పేరు కూడా బయటపెట్టలేదు. అఖిల పుట్టినప్పటి నుంచీ ఆ చెంబును చూస్తూనే ఉంది. అయినా చేతులు తడిగా ఉన్నప్పుడు మనిషికి దగ్గర్లో ఉన్న బరువే గుర్తొస్తుంది.

ఆమె నాలుగో బిందె దించి బయటికి వచ్చేసరికి చెంబు ఉంది, కింద ఏమీ లేదు.

“అమ్మా, గీడ కాయితం ఉండె గదా?”

వాళ్ళమ్మ స్వరాజ్యం బియ్యం చెరుగుతోంది. “బాపు తీస్కపోయిండు. ఎవలో వెట్టిపోయిండ్రంట. సదివి, ఒక్కసారే లేచిండు. ఛాయ్ గూడ తాగలె. కుర్మయ్య బిడ్డలదేనంట, వడ్డాణం ముచ్చట.”

కాళ్ళ కింద నీళ్ళు లేకపోయినా అఖిల జారిపడేదే. ఆ కాయితంలో వడ్డాణం ఉన్న మాట నిజం. సినిమాలో ముగ్గురికీ శక్తినిచ్చే నడుం పట్టీ ఒకటుంది. తెలుగులోకి మార్చినవాళ్ళు దానికి వడ్డాణమని పేరు పెట్టారు. అసలు సినిమా పేరు, దర్శకుడి పేరు ఉన్న మొదటి కాయితమేమో దండెం మీద ఆరుతోంది. చెంబు కింద దొరికిన రెండో దాంట్లో ఉన్నది పెద్దామె, నడిపామె, చిన్నామె, వాళ్ళు పంచుకోని వడ్డాణం.

కుర్మయ్య చనిపోయి అయిదేళ్ళు, ఆయన భార్య చనిపోయి రెండేళ్ళు. వాళ్ళకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దది స్వర్ణలత, చానాళ్ళు భర్తతో మహారాష్ట్రలోని భివండిలో ఉండి, తల్లి పోయాక వచ్చి తుక్కుగూడలో ఇల్లు కట్టుకుంది. నడిపిది మంజుల, ఎమ్మెస్సీ చదివి గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొడుతోంది. చిన్నది సంతోషి, అఖిలతో పాటు ఇదే ఊరి బడిలో చదివింది. తల్లి పోయిన నాటి నుంచి ఆమె వెండి వడ్డాణం కనబడటం లేదన్నది ఊరంతా ఎరిగిన విషయమే. కాయితం వాళ్ళ ఇంటిది కాదనుకోవడానికి దశరథానికి ఒక్క కారణం కూడా లేదు.

అఖిల తడి లంగాతోనే పరుగెత్తింది.

కమ్యూనిటీ హాలులో అప్పటికే కుర్చీలు వేస్తున్నారు. దశరథం ఆటో నడిపే ఉపేందర్‌ను మూడు దిక్కులకూ పంపేశాడు. ఉపేందర్ మంచివాడు, పనిమంతుడు, ఒక్క మాటను ఒక్క మాటగా మాత్రం చేర్చలేడు. గగన్‌పహాడ్ వెళ్ళి మంజులతో, “అక్కా, చిన్నామె మీ మీద కాయితం వెట్టినట్టున్నది, జర జల్ది రాండ్రి” అన్నాడు. సంతోషితో, “నడిపక్క ఇగ ఊకునేట్టు లేదు, పెద్ద చదువు సదివినోళ్ళు గద” అన్నాడు. తుక్కుగూడలో స్వర్ణలతతో మాత్రం ఏమీ అనలేదు. ఆమె ముఖం చూసి భయపడి, “దశరథన్న రమ్మన్నడు” అని ఆటో వెనక్కి తిప్పుకున్నాడు.

అఖిల తండ్రిని ఒక మూలకు పిలిచింది. “బాపు, ఆ కాయితం నాది.”

దశరథం చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. “ఒర్రకు. నీదైనా నీది కాదనే చెప్పాలె. నేను అడిగిన్నా?”

“కాదు బాపు, నిజంగ నేనే రాసిన. అది...”

“సంతోషి నీ దోస్తు. నీతోని రాయిపిచ్చుకున్నది. నాకు సమజైంది. మంచి పని జేసినవ్. ఇగ నోరు మెదపకు.”

“సంతోషి గాదు బాపు! అది సిని...”

సరిగ్గా అప్పుడే దోహా పోయే విమానం హాలు మీదుగా లేచింది. విమానం వెళ్ళేటప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. పెదవులు ముడిచి, అది పోయేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఆగుతారు. అది పోయేసరికి దశరథం కూతురి భుజం తట్టి, వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. అఖిల జీవితంలో తండ్రి ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. చెయ్యని పనికి.

ఫోను మోగింది. కీర్తన. “ఎక్కడున్నావే? పదయింది. నేను మాల్‌కి వచ్చేశాను.”

“కాయితం పంచాయితీల ఉన్నదే” అంది అఖిల.

“పంచాయితీలో ఏం పని దానికి?”

అది చెప్పడానికి మూడు నిమిషాలు చాలవని అఖిల ఫోను పెట్టేసింది.

పదకొండయ్యేసరికి హాలు నిండింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు మూడు మూలల కుర్చీల్లో, ఎవరినీ చూడకుండా కూర్చున్నారు. వాళ్ళ మేనత్త, కుర్మయ్య అక్క, ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు వరుసలో చోటు చేయించుకుంది. తలంతా ముగ్గుబుట్టలా తెల్లగా ఉంటుంది ఆవిడకు.

దశరథం కాయితం ఉపేందర్‌కు ఇచ్చి చదవమన్నాడు. ఉపేందర్ “పెద్దామె... ఇన్నె... ఇన్నేండ్లు...” అని మూడుసార్లు అదే మాట దగ్గర తిరిగి, చెమట తుడుచుకున్నాడు.

“ఈడికి ఆటో మీటరొక్కటే సదవొస్తది” అంది మేనత్త. “అది గూడ వానికిష్టమున్నట్టు సదువుతడు.”

అందరూ నవ్వారు. దశరథం చుట్టూ చూశాడు. “అఖిలా, నువ్వు సదువు బిడ్డా. గట్టిగ.”

అఖిల లేచి నిలబడింది. అరవై మంది. మాల్‌లో పదిహేను మంది వస్తారని కీర్తన చెప్పినప్పుడే ఆమె ‘అంతమందా?’ అంది. చేతిలో తన కాయితం, తన అక్షరాలు. ఇక చేసేదేమీ లేక, పొద్దున నల్లా దగ్గర చదువుకున్నట్టే మొదలుపెట్టింది.

“పెద్దామె ఇన్నేళ్ళు ఎక్కడో ఉండి వచ్చింది. వచ్చిన రోజు నుంచి మాట ఆమెదే, చేత ఆమెదే. నడిపామె అంత చదువు చదివింది. ఆ చదువును ఎక్కడా పనికి రానివ్వలేదు.”

మంజుల ముక్కు చీదింది. “ముద్రలు గొట్టిపిస్తున్నరు” అంది, ఎవరితోనో కాదు.

“చిన్నామె అందరినీ నవ్విస్తుంది. అందుకని ఆమెకు కూడా బాధ ఉంటుందని ఎవరికీ తోచలేదు.”

సంతోషి తల వంచుకుంది. వెనక వరుసలో ఎవరో ఆడమనిషి, “అయ్యో, నిజమే తల్లీ” అంది.

“తెల్లజుట్టామె వచ్చి ముగ్గురి మధ్య చిచ్చు పెడుతుంటే ఒక్కరూ గుర్తించరు.”

మేనత్త లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “ఏంది? ఎవలు రాసిండ్రు గా మాట? నా జుట్టు తెల్లగుంటే గది నా తప్పా? నేనేం చిచ్చు వెట్టిన? క్షేమం అడిగిన! అక్క ఏం దాసింది, చెల్లె ఏం తిన్నది అని క్షేమం అడుగుడు గూడ తప్పేనా?”

“కూసో పెద్దవ్వా” అన్నాడు దశరథం. “కాయితం అయినంక మాట్లాడుదువు. సదువు బిడ్డా.”

“తల్లి పోతూ పోతూ ఆ వడ్డాణం ముగ్గురికీ ఇచ్చింది. వంతులేసుకుని పెట్టుకోమంది. ఇప్పుడది పెద్దామె నడుం దిగదు.”

చదువుతూ అఖిల ఒక్కసారి తలెత్తింది. అరవై మందీ తన ముఖమే చూస్తున్నారు. స్వర్ణలత ఒక్కతే ఎవరినీ చూడటం లేదు. ఆమె కుడిచెయ్యి నెమ్మదిగా, తనకు తెలియకుండానే, చీర కుచ్చిళ్ళ మీదికి వెళ్ళి నడుం దగ్గర ఆగింది. అఖిల చూపు అక్కడే నిలిచిపోయింది. ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. అవి చదవాలనిపించలేదు.

హాలు మొత్తం అఖిల చూపు వెంటే తిరిగింది.

స్వర్ణలత లేచింది. చీర కొంగు పక్కకు తీసింది. వెండి వడ్డాణం అక్కడే ఉంది, చీర మీద కాదు, లంగా మీద, బిగించి.

“అమ్మ నాకియ్యలె” అంది. “నేనే తీసుకున్న. అమ్మ దవాఖానల పోయిన్నాడు మీరిద్దరు పక్కన్నే ఉన్నరు. మీకు ఆఖరి మాట దొరికింది, ఆఖరి చూపు దొరికింది. నేను భివండి కాడ బస్సుల ఉన్న. నాకేం దొరికింది? ఇంటికొచ్చి పెట్టె తీస్తే గిది దొరికింది. అమ్మ నడుం కొలతకు ఒంగి ఉన్నది. పెట్టుకుంటే అమ్మ పట్టుకున్నట్టే ఉంటది. రెండేండ్లాయె. పండుకునేటప్పుడు గూడ తియ్యలె.”

విమానమేదీ పోవడం లేదు, అయినా ఎవరూ మాట్లాడలేదు.

మొదట లేచింది సంతోషి. “మరి గీ ముచ్చట మాకు చెప్తే ఏమాయె అక్కా? నీ నడుం నొప్పికి ఇద్దరం కలిసి తైలం కొనుక్కొచ్చినం! ఎందుకు తగ్గుతలేదా అని పరేషాన్ అయినం!” అంటూనే అక్కను పట్టుకుని ఏడ్చింది. మంజుల తన కుర్చీ ఎత్తుకుని వచ్చి వాళ్ళ పక్కన వేసుకుంది. అక్కడికి ముగ్గురూ ఒకే మూలకు చేరారు.

దశరథం గొంతు సవరించుకున్నాడు. “వడ్డాణం నాలుగు నెలలు ఒకల దగ్గర. ఇయ్యాల మధ్యాహ్నం ముగ్గురు సంతోషి ఇంట్ల కలిసి తినుండ్రి. గీ కాయితం ఎవలు వెట్టిండ్రో నేను అడుగ. కాని వెట్టినోళ్ళు మా గొప్ప తెలివిగల్లోళ్ళు. ఇంట్ల జరిగింది జరిగినట్టు చూసినోళ్ళే గిట్ల రాస్తరు.”

సరిగ్గా ఆ మాటకు హాలు గుమ్మంలో కీర్తన నిలబడింది, చేతిలో హెల్మెట్‌తో, రొప్పుతూ.

“అఖిలా! నింగి వీరనారుల మీద నువ్వు రాసింది చదవాల్సింది మాల్‌లో కదే! ఆ కాయితం పట్టుకుని ఇక్కడేం చేస్తున్నావు?”

ఒక్కరు ఫక్కున నవ్వారు. తర్వాత ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. కీర్తన తన ఫోనులో సినిమా బొమ్మ తీసి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించింది. ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యలో ఉన్నామె నడుం చుట్టూ మెరుస్తున్న పట్టీ, వెనక ఆకాశంలో తెల్లజుట్టుతో ఒకామె.

“సినిమా కాయితమా?” మేనత్త లేచి నిలబడింది. “సినిమా కాయితం మీద పంచాయితీ వెట్టి, అరవై మంది ముందల నా జుట్టు గురించి సదివిపిచ్చినవా దశరథం? ముప్పై ఏండ్ల పెద్దరికం గిదేనా?”

అఖిలకు భూమి రెండుగా చీలితే బాగుండనిపించింది. తన మూడు నిమిషాల కోసం తండ్రి ముప్పై ఏళ్ళు పోయేట్టున్నాయి. దశరథం కూతురి వైపు చూశాడు, కాయితం వైపు చూశాడు, తర్వాత మూలన ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్న ముగ్గురి వైపు చూశాడు.

“కాయితం సినిమాదే, పెద్దవ్వా” అన్నాడు నెమ్మదిగా. “వడ్డాణం గూడ సినిమాదేనా?”

మేనత్త కుర్చీ సరిచేసుకుని కూర్చుని, “ఛాయ్ చెప్పిండ్రా లేదా?” అని ఉపేందర్ మీద పడింది.

మధ్యాహ్నం ఇంట్లో దశరథం, కీర్తన, అఖిల భోజనాలకు కూర్చున్నారు. స్వరాజ్యం వడ్డిస్తోంది. మాల్ సభ అయిపోయింది.

“నువ్వేం పోగొట్టుకోలేదులే” అంది కీర్తన. “నీ పేరు పిలిచేదాకా అక్కడే ఉన్నాను. మొత్తం పదకొండు మంది. అందులో అయిదుగురు ఏసీ కోసం వచ్చారు. ఒకావిడ తన మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు వాళ్ళ పార్లర్ గురించి చెప్పింది. నీకిక్కడ అరవై మంది, పైగా ఏడుపులు కూడానూ.”

దశరథం పప్పు కలుపుకుంటున్నాడు. అఖిల ఆయన తిట్ల కోసం ఎదురుచూస్తూ కంచంలో ముద్దను అటూ ఇటూ జరుపుతోంది. ఎట్టకేలకు ఆయన తలెత్తాడు.

“ఆ పెద్దామె... మన స్వర్ణలత గాదు, సినిమాల ఆమె. వడ్డాణం ఎందుకియ్యదు?”

అఖిల ముద్ద వదిలేసింది. “ఎందుకో చెప్పలె బాపు. ఊకెనే ఇయ్యదు. అన్నీ తనకే కావాలె. గదే తప్పని రాసిన.”

“వాళ్ళు చెప్పలేదా, నువ్వు చూడలేదా?”

“రెండుసార్లు చూశాం అంకుల్” అంది కీర్తన.

“రెండేండ్లు మేమందరం స్వర్ణలతను జూస్తనే ఉన్నం” అన్నాడు దశరథం. “నడుం మీద చెయ్యి ఎప్పుడు వెట్టుకుంటదో ఎవలన్న జూసిండ్రా? ఇయ్యాల నువ్వు జూసినవు. మరి ఆ సినిమా ఆమెను జూసినప్పుడు గా కండ్లు ఏడ వెట్టినవు? ఏకపక్షంగ రాసినవు బిడ్డా.”

అఖిల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రికి ఎదురు మాట్లాడింది. “నువ్వు సినిమా జూడలె బాపు. చూడకుంట ఆమె పక్కన మాట్లాడుతున్నవు. ఆమెకు చెల్లెళ్ళంటే లెక్కే లేదు. మొదటి సినిమాల గట్ల లేకుండె. వీళ్ళు జెడగొట్టిండ్రు. నాకు ఆమె మీద కోపమెందుకంటే, ముగ్గురిల నాకు అందరికన్న ఇష్టం ఆమెనే!”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. స్వరాజ్యం గుమ్మంలోకి వచ్చి నిలబడి కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. దశరథం మాత్రం, ఎదుటివాళ్ళు గట్టి మాట అన్నప్పుడు పంచాయితీలో చేసినట్టే, తల పంకించాడు.

“గా సినిమా ఎన్ని గంటలకున్నది?” అని కీర్తనను అడిగాడు.

“రెండున్నరకి అంకుల్.”

ఆయన గోడ గడియారం చూశాడు. పెరుగన్నం కలుపుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. దండెం మీది కండువా తీసి భుజాన వేసుకున్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా గేటు దాటాడు.

సినిమాలోని పెద్దామెకు ఇన్నాళ్ళకు ఒక వకీలు దొరికాడు.